కుక్క బేసిను

విందు జరిగిన మర్నాడు మాంబెతాలి ఇంట్లో అందరికంటే ఎక్కువ చాకిరీ పడేది కుక్క పొట్టకి.

రాత్రి నలభై మంది తిన్నారు. తిన్నారనడం మర్యాద, కెలికారనడం నిజం. మనవడు తొలి అడుగులు వేశాడని వాడి కాళ్ళకి కట్టిన దారం కోసే వేడుక అది. వాడు నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. దానికి మూడు గొర్రెలు తెగాయి. ఇప్పుడు వంటింటి బల్ల మీద చెయ్యి పెట్టడానికి చోటు లేదు. సగం కొరికిన గొర్రె తోక కొవ్వు ముక్కలు, గడ్డకట్టిన నూడుల్స్, కొవ్వులో మునిగిన బంగాళాదుంపలు, వేళ్ళతో చిదిమి వదిలేసిన రొట్టెలు.

ఆ కొండ ఊళ్ళో తిండి పారెయ్యడం పాపం. రొట్టె ముక్క కింద పడితే తీసి నుదుటికి అద్దుకుంటారు. మాంబెతాలి భార్య జానిల్‌కి ఈ పాపభయం మరీ ఎక్కువ. మిగిలింది నలుగురికీ పంచే ఓపిక లేదు, ముందే కొంచెం తక్కువ వండే బుద్ధి లేదు. పళ్ళేలన్నీ ఒక్కొక్కటే ఎత్తి, గరిటెతో గీకి, పెరట్లో కుక్క బేసిన్లో కుమ్మరించేది. పాపం కుక్క పొట్టలోకి పోయేది, పుణ్యం ఆవిడ మూట కట్టుకునేది.

"తిను నాన్నా, తిను. రాజాలా తిను" అంది జానిల్ ఆ పొద్దున కూడా, బేసిను అంచు దాకా నింపి. చేతులు తుడుచుకుని, నడుం నొప్పని మూలుగుతూ పడుకోవడానికి పోయింది.

కొళాయి దగ్గర గొర్రె పేగులు ఉప్పేసి రుద్దుతున్న పనిమనిషి కల్బుబు, ఆవిడ తలుపు మూసుకునేదాకా ఆగింది. తర్వాత చేతులు కడుక్కుని లేచింది. బేసిను ముందు నిలబడ్డ కుక్క తోక ఊపింది గానీ మూతి పెట్టలేదు. ఈ ఇంట్లో దానికొక్కదానికే ఆగడం తెలుసు.

దాని పేరు షమాల్, గాలి అని. తైగన్ జాతి వేటకుక్క. బూడిద రంగు, చెవులకి పొడుగు వెంట్రుకలు, సన్నటి నడుము. కల్బుబు దాని పక్కన గొంతుకూర్చుని, అరచెయ్యి నేల మీద ఆనించి, రెండో చేతి వేలితో ఆ చెయ్యి వెనక ఎముకల మీద ఒకసారి రాసుకుంది. అదే వేలు షమాల్ పక్కటెముకల మీద నడిపింది. రెండూ ఒక్కలాగే తగలాలి. పిడికిలి ఎముకల్లా పొడుచుకొస్తే కుక్క ఎండినట్టు. అరచేతిలా మెత్తగా తగిలితే చెడినట్టు. ఈ లెక్క ఆమెకి వేటగాడైన తండ్రి నేర్పింది. దీనికి కాటా అక్కర్లేదు, ఖర్చు లేదు, కాస్త సిగ్గున్న చెయ్యి చాలు.

సరిగ్గా ఉంది. ఆమె బేసిన్లో చెయ్యి పెట్టి కొవ్వు ముక్కలు, రొట్టెలు, నూడుల్స్ ఏరి ప్లాస్టిక్ సంచిలో వేసింది. కొవ్వు లేని మాంసం పీచులు రెండు గుప్పిళ్ళు మిగిల్చింది. పక్కన చల్లార్చి పెట్టుకున్న బార్లీ జావ అందులో పోసి కలిపి, "ఊఁ" అంది. షమాల్ అప్పుడు మూతి పెట్టింది.

వసంతం నుంచీ ఇదే పని. కల్బుబుకి మాత్రం పాపభయం లేదా? సంచిలోది ఇంటికి పట్టుకెళ్ళేది. కొవ్వు కరిగించి బూడిదనీళ్ళతో సబ్బు కాచేది, రొట్టె నానబెట్టి కోళ్ళకి వేసేది. ఒక్క మెతుకు చెత్తలో పడేది కాదు. ఇదంతా చాటుగా ఎందుకంటే, ఒకసారి ఎదుటే చెప్పి చూసింది. "వేటకుక్కకి ఇంత కొవ్వు పడదు వదినా" అంటే, "నా ఇంట్లో కుక్క ఎంత తినాలో కూడా నువ్వే చెప్తావా?" అని జానిల్ మూడు రోజులు మొహం మాడ్చుకుంది. మొండివాళ్ళకి చెప్పడం కంటే వాళ్ళు పడుకున్నాక సర్దడం తేలికని అప్పుడే అనుకుంది కల్బుబు. పొరపాటైతే అదే పొరపాటు.

ఆ పొద్దున సంచి ముడి వేస్తుండగా వెనక దగ్గు వినిపించింది.

మాంబెతాలి. సరిహద్దు చెక్‌పోస్టులో ఇరవై ఏళ్ళు లారీలు తెరిపించి చూసిన మనిషి. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. పొట్ట ముందు, తను వెనక నడుస్తాడు. ఇవాళ ఆయన మనసు బాగాలేదు. రాత్రి విందులో ఎవడో షమాల్ నడ్డి మీద చెయ్యేసి, సంతలో గొర్రెని చూసినట్టు నొక్కి చూసి, "ఏం మాంబెతాలన్నా, పింఛను సరిపోవడం లేదా? కుక్క పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు" అన్నాడు. నలభై మందీ నవ్వారు. ఆ చేతులకి తెలిసింది ఒక్కటే విద్య. గొర్రె నడ్డి నొక్కడం, ఎంత కొవ్వుంటే అంత గొప్ప అనడం. అదే చెయ్యి కుక్క మీద వేసినా అదే తీర్పు.

"ఏంటే అది?" అన్నాడు సంచి వైపు గడ్డం ఊపి.

"మిగిలింది అన్నా. కొవ్వూ అదీ."

"విప్పు."

కల్బుబు విప్పింది. ఆయన వంగలేక వంగి, రెండు వేళ్ళతో సంచి అంచు పట్టుకుని లోపలికి చూశాడు. తర్వాత బేసిన్లోకి చూశాడు. కుక్క నడుము చూశాడు. లారీ దొంగ అరలో దాచిన సరుకు దొరికినప్పుడు వచ్చే వెలుగు మొహంలోకి వచ్చింది.

"అదీ సంగతి! ఇదన్నమాట నా కుక్క రోగం. జానిల్! ఓ జానిల్! లేచి రా! మన కుక్క కూడు ఎవరు తింటున్నారో చూద్దువు గాని."

"తినడం లేదన్నా. దానికి ఎక్కువవుతోందని తీస్తున్నాను. కుక్క ఒళ్ళు..."

"కుక్క ఒళ్ళు! నీ ఒళ్ళు సంగతి చెప్పు ముందు."

కల్బుబు ఒంట్లో ఉన్నదల్లా ఎముకా, నరమూ. చెప్పడానికి ఏముంది?

జానిల్ జుట్టు ముడి ఊడిపోయి పరిగెత్తుకొచ్చింది. సంచి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, అడిగితే నేనే పెట్టేదాన్ని కాదూ! గిన్నెడు మాంసం నీ మొహాన కొట్టేదాన్నే. నోరులేని జీవం మూతి దగ్గర్నుంచి లాక్కుంటావా?"

"వదినా, నేను తినలేదు."

"అయితే ఒట్టెయ్యి." జానిల్ లోపలికెళ్ళి గుండ్రటి రొట్టె రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది. "రొట్టె పట్టుకుని చెప్పు. తినలేదని, దొంగిలించలేదని. అబద్ధమైతే రొట్టె నన్ను కొట్టుగాక అను. ఇక్కడితో వదిలేస్తాం."

ఆ ఊళ్ళో అంతకు మించిన ఒట్టు లేదు. భూమి తగాదాల్లో, చావుబతుకుల్లో వేసే ఒట్టు. కల్బుబు తన జీవితంలో రెండు సార్లు వేసింది. రెండోసారి వేసినప్పుడు ఆసుపత్రిలో మొగుడి మంచం పక్కన నిలబడి ఉంది. ఇప్పుడు పేగుల వాసన కొట్టే చేతులతో, కుక్క బేసిను ముందు నిలబడి, ఒక కస్టమ్స్ పెద్దమనిషి పెళ్ళాం ముందు రొట్టె పట్టుకోవాలట.

"కుక్క బేసిను తగాదాలోకి రొట్టెని తేకు వదినా. లోపల పెట్టెయ్యి."

"చూశారా? చూశారా?" జానిల్ మొగుడి వైపు తిరిగింది. "వెయ్యదు. ఎలా వేస్తుంది?"

"ఒట్టు వెయ్యనన్నదంటే ఒప్పుకున్నట్టే" అని తేల్చేశాడు మాంబెతాలి.

అంత పెద్ద దొంగని పట్టుకున్నవాడు ఏం చెయ్యాలి? వెళ్ళగొట్టాలి. వెళ్ళగొట్టలేదు. నెలాఖరుకి ఇంకో విందు ఉంది. అత్-బాషి కొండల అవతలి నుంచి ముసలి వేటగాడు ఒరొజాలి షమాల్‌ని చూడడానికి వస్తున్నాడు. కుదిరితే దాన్ని తన ఆడ తైగన్‌తో జత కట్టిస్తాడు. ఒరొజాలి కుక్కకి పుట్టిన పిల్లలంటే జిల్లా అంతా ఎగబడుతుంది. ఆ రోజు పిండి ఎవరు పిసకాలి, పేగులు ఎవరు రుద్దాలి? అందుకని మాంబెతాలి ఉదారంగా క్షమించాడు. ఇక కల్బుబు కుక్క దగ్గరికి పోకూడదు. బేసిను ముట్టకూడదు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి సంచి విప్పి చూపించాలి.

"ఒరొజాలి వచ్చేసరికి కుక్క నిగనిగలాడాలి" అన్నాడు.

ఆ మాట ఇంట్లోనే ఉండి ఉంటే కల్బుబు దిగమింగేది. ఇంట్లో ఎందుకుంటుంది? జానిల్ నోట్లో నువ్వుగింజ నానదు. రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. మూడో రోజు దుకాణం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని చూసి మాట ఆపేశారు. నాలుగో రోజు బడి ప్రిన్సిపాల్ నాసిపా ఎదురొచ్చింది. నవంబరు మొదటి సోమవారం నుంచి బడి వంటింట్లో చేరమని నాసిపాయే పిలిచింది, సెప్టెంబరులో. నూట పది మంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం, నెల నెలా జీతం, ఒకరి పెరట్లో వంగక్కర్లేని పని. కల్బుబు అప్పుడే తెల్ల కోటు కుట్టించుకుని మేకుకి తగిలించుకుంది.

"ఆ సంగతి... కాస్త ఆగి చూద్దాం కల్బుబూ" అంది నాసిపా, ఆమె మొహం వైపు కాక భుజం పైనుంచి కొండల వైపు చూస్తూ. "పిల్లల తిండి కదా. తల్లిదండ్రులు అడుగుతారు. నేను నమ్మానని కాదు."

"నమ్మకపోతే ఆగడం ఎందుకమ్మా?"

నాసిపా చేతి గడియారం చూసుకుంది.

అంతే. పిల్లల మూకుడు దగ్గరికి కుక్క కూడు దొంగని ఎవరు రానిస్తారు? ఇంటికెళ్ళి కల్బుబు తెల్ల కోటు వైపు చూడకుండా పొయ్యి రాజేసింది. పొగకి కళ్ళు మండాయి. ఏడుపు కూడా వచ్చింది. ఒక్కతే ఉంది గనక తుడుచుకోలేదు.

ఇక షమాల్ సంగతి.

జానిల్ దాన్ని మూడు పూటలా మేపింది. పొద్దున పాలలో రొట్టె, పైన వెన్న. మధ్యాహ్నం తోక కొవ్వుతో వండిన అన్నం. రాత్రి ఇంట్లో ఏది మిగిలితే అది. మిగలకపోతే మిగిలేలా వండేది. మొదట్లో కుక్క సగంలో ఆపి పక్కకి పోయేది. ఆవిడ వెంటపడి, మెడ పట్టుకుని, ముద్దలు చేసి నోట్లో కుక్కింది. నాలుగు రోజులకి దానికీ అలవాటైంది. మంచిని నేర్పడానికి ఏడాది పడుతుంది, చెడుకి నాలుగు పూటలు చాలు.

శుక్రవారం శుక్రవారం మాంబెతాలి ఉన్ని మూటలు తూచే కాటా బయటికి ఈడ్పించేవాడు. కుక్కని దాని మీద నిలబెట్టి, అది జారకుండా తనే కాళ్ళు పట్టుకుని, గోడ మీంచి తొంగిచూసే పక్కింటివాళ్ళకి వినబడేలా అంకె చెప్పేవాడు. మొదటి శుక్రవారం ముప్పై ఒకటి. రెండో శుక్రవారం ముప్పైరెండున్నర. ఇరవై తొమ్మిది దగ్గర మొదలైంది మరి. తన చేతి చలవ అని జానిల్ మురిసిపోయేది. ఆ కాటా మీద మొగుడూ పెళ్ళాం ఎక్కితే ముల్లు ఎక్కడికి పోతుందో చూడాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

కల్బుబు వంటింటి కిటికీలోంచి చూసేది. పిండి పిసుకుతూ, ఉల్లి తరుగుతూ, చూడకూడదనుకుంటూ చూసేది. పొద్దున్నే గోడ దూకి కొండ మీదికి పరిగెత్తి వచ్చే కుక్క ఇప్పుడు గోడ దాకా నడిచి, తలెత్తి చూసి, వెనక్కి వచ్చి పడుకునేది. ఊపిరి చప్పుడు వంటింట్లోకి వినిపించేది. వెనకకాళ్ళు ముడిచి కూర్చోవడానికి రెండుసార్లు సర్దుకునేది. ఒకరోజు అది మెల్లగా వంటింటి గడప దాకా వచ్చి తల ఆమె మోకాళ్ళకి ఆనించింది. కల్బుబు తలుపు వైపు చూసి, పిండి అంటిన వేలు దాని పక్కటెముకల మీద నడిపింది. ఎముక దొరకలేదు. ఇంకాస్త నొక్కింది. అప్పుడు కూడా దొరకలేదు.

"నిన్ను ప్రేమించేవాళ్ళే చంపుతున్నార్రా" అంది దాని చెవిలో. ఆ మాట అన్నాక ఆమెకి కోపం వచ్చింది, దాని మీద కాదు.

సాయంత్రం గేటు దగ్గర సంచి విప్పేది. అందులో ఆమె ఏప్రనూ, పాత చెప్పులూ, ఖాళీ పాల సీసా. మాంబెతాలి ప్రతి రోజూ అంతే శ్రద్ధగా చూసేవాడు. ఒకరోజు పాల సీసా మూత తీసి వాసన చూశాడు. ఆమె ఆయన బట్టతల వైపు చూస్తూ నిలబడింది. మనిషిని ఇంత తేలిగ్గా చులకన చెయ్యొచ్చని ఆయనకి ఎవరు నేర్పారో గానీ, తిరిగి అంతే తేలిగ్గా చులకన చెయ్యడం ఆమె ఆ పద్దెనిమిది రోజుల్లో నేర్చుకుంది.

ఒరొజాలి నెలాఖరు శనివారం మధ్యాహ్నం వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, గుర్రం మీద. తెల్ల ఉన్ని టోపీ నుదుటి మీదికి లాగి ఉంది. పక్కన ఆడ తైగన్, తాడు లేకుండా, గుర్రం నీడలో నడుస్తోంది. దాని ఒళ్ళు చూస్తే జానిల్‌కి జాలేసింది. "పాపం, తిండి లేదు కాబోలు. తగిన జోడీ దొరికింది దీనికి" అంది వంటింట్లోకి వచ్చి, కల్బుబుకి వినబడేలా.

అతిథులు పాతిక మంది దాకా ఉన్నారు. నాసిపా కూడా వచ్చింది. ఎండ బాగుందని పెరట్లోనే బల్లలు వేశారు. వంటింటి గుమ్మం అక్కడికి పది అడుగులు. మూకుడు నూనెలో బోర్సోకుల పిండి ముక్కలు పొంగుతుంటే కల్బుబు జల్లిగరిటెతో తీస్తూ అన్నీ వింటోంది.

"ముందు కుక్కని చూద్దాం. తిన్నాక చూస్తే అన్నీ మంచిగానే కనిపిస్తాయి" అన్నాడు ఒరొజాలి.

మాంబెతాలి షమాల్‌ని పెళ్ళికొడుకులా నడిపించుకొచ్చాడు. మెడకి ఎర్ర పట్టీ కట్టారు. వెన్న తినిపించిన ఒళ్ళు నిజంగానే నిగనిగలాడుతోంది. అతిథులు "ఓహో" అన్నారు. మొన్న నొక్కి వెక్కిరించినవాడే మళ్ళీ నడ్డి నొక్కి, "ఇదీ కుక్కంటే!" అన్నాడు.

ఒరొజాలి పెరటి వెనక వాలు చూపించాడు. "పైన ఆ పాత దొడ్డి ఉంది కదా. నా కుక్కని అక్కడికి పంపిస్తాను. మీదాన్ని కూడా వదులు."

ఆయన ఈల వేశాడు. ఆడ కుక్క గీత గీసినట్టు పోయింది. షమాల్ దాని వెనక ఉరికింది. మొదటి ముప్పై గజాలు పాత షమాలే. కల్బుబు చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత వెనకకాళ్ళు బరువెక్కాయి. సగం వాలు దగ్గర అది ఆగింది. నాలుక వేలాడేసి, డొక్కలు ఎగరేస్తూ కూర్చుండిపోయింది. ఆడ కుక్క దొడ్డి చుట్టి దిగుతూ దాన్ని దాటి వచ్చేసింది. షమాల్ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగింది.

"ఇప్పుడే తిన్నాడు కదా, పొట్ట బరువు" అన్నాడు మాంబెతాలి.

ఒరొజాలి టోపీ వెనక్కి తోసి వంగాడు. పక్కటెముకల మీద వేలు నడిపాడు. ఆగాడు. తర్వాత సంతలోలాగే నడ్డి మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కాడు.

"బాగా పట్టింది. నాలుగు వేళ్ళ కొవ్వు. కోత ఎప్పుడు, డిసెంబరులోనా?"

అందరూ నవ్వారు. చలికాలానికి జంతువుని మేపి కోసేది డిసెంబరులోనే. మాంబెతాలి అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతుండగా ఆ మాట అర్థమైంది. నవ్వు పొట్ట దగ్గరే ఆగిపోయింది.

"అది కాదు బాబాయ్" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "మీరు పద్దెనిమిది రోజుల కింద చూడాల్సింది. ఎముకల గూడు! ఇరవై తొమ్మిది తూగేది. ఇంట్లో పనిమనిషి దీని కూడు దొంగిలించి తినేసేది. సంచితో సహా పట్టుకున్నా. రొట్టె మీద ఒట్టెయ్యమంటే వెయ్యలేకపోయింది. అప్పట్నుంచి మేమే స్వయంగా చూసుకుంటున్నాం. ఇప్పుడు ముప్పైమూడున్నర."

"ఇరవై తొమ్మిది" అన్నాడు ఒరొజాలి. "అప్పుడు ఆ దొడ్డి దాకా పోయేదా?"

"దొడ్డేంటి, కొండ శిఖరం దాకా పోయేది. పట్టుకోవడమే కష్టం" అంది నాసిపా పక్కన కూర్చున్న పొరుగావిడ. అన్నాక జానిల్ చూపు చూసి నోరు మూసుకుంది.

"ఈ నాలుగున్నర కిలోలు ఎవరు పెట్టారు? ఇది కూడా పనిమనిషేనా?"

ఒరొజాలి ఆ మాట చాలా నెమ్మదిగా అడిగాడు. జానిల్‌కి మాత్రం ఒళ్ళు మండింది. తన చాకిరీ దొంగకి అంటగడతారా? బల్ల మీంచి రొట్టె లాక్కుని, రెండు చేతుల్తో పైకెత్తి లేచింది.

"పనిమనిషి ముట్టలేదు! రొట్టె నన్ను కొట్టుగాక! ఈ చేతుల్తో, రోజూ మూడు పూటలా, వెన్నతో, తోక కొవ్వుతో నేనే పెట్టాను. వద్దంటే ముద్దలు చేసి నోట్లో పెట్టాను. ప్రతి గ్రామూ నాదే!"

రొట్టె మీద ఒట్టు పడ్డాక ఎవరూ వెంటనే మాట్లాడరు, అది ఆచారం. ఆ నిశ్శబ్దంలో షమాల్ రొప్పు ఒక్కటే వినిపిస్తోంది. వింటున్నకొద్దీ ఒక్కొక్కరి చూపు కుక్క మీదికి, అక్కడి నుంచి జానిల్ చేతుల మీదికి, అక్కడి నుంచి వంటింటి గుమ్మం వైపు తిరిగింది. జానిల్ రొట్టె ఇంకా పైకెత్తుకునే ఉంది.

"నమ్మాను తల్లీ. రొట్టె మీద ఒట్టు కదా" అన్నాడు ఒరొజాలి. తన కుక్క మెడ నిమిరి, "జత కుదరదు మాంబెతాలీ. ఈ ఏడు కుదరదు. నాకు పరిగెత్తేది కావాలి. అసలు అప్పుడు దీన్ని చూసుకున్న మనిషి ఎక్కడ?"

జవాబు పెరడే చెప్పింది. పాతిక తలలూ అప్పటికే గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.

ఉడికిన గొర్రె తలకాయని, పెద్ద అతిథి గనక ఒరొజాలి ముందు పెట్టారు. తల ఎవరి ముందు పెడితే అందులోంచి కోసి తనకి నచ్చినవాళ్ళకి ఇచ్చే హక్కు వాళ్ళది. దాన్ని అడ్డుకునే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. ఆయన చాకు తీసి చెంప కోశాడు. పళ్ళెంలో పెట్టుకుని, తనే లేచి, పది అడుగులు నడిచి వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఎవరి కూతురివి?"

కల్బుబు తండ్రి పేరు చెప్పింది.

"ఆఁ. అందుకే." రెండు చేతుల్తో పళ్ళెం చాపాడు. "తీసుకో."

చేతులు పిండిగా ఉన్నాయని ఆమె వాటిని ఏప్రన్‌కి తుడుచుకుంది. ఒకసారి తుడిచి, మళ్ళీ తుడిచి, అప్పుడు తీసుకుంది. ఆయన ఆగకుండా వెనక్కి నడిచాడు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మాంబెతాలి ఆయన కూర్చోకముందే మొదలుపెట్టాడు. "నేను ముందే అన్నాను బాబాయ్, మా కల్బుబు బంగారమని! ఏదో ఆడవాళ్ళ మధ్య పొరపాటు... కల్బుబూ, రేపట్నుంచి కుక్క బాధ్యత నీదేనమ్మా." పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి మాట చివర 'అమ్మా' చేరింది. కల్బుబు వినిపించుకోనట్టు బోర్సోకులు తిరగేసింది. అవి మాడకూడదు. పిండి ఏ పాపమూ చెయ్యలేదు.

సాయంత్రం అతిథులు లేచే వేళకి ఆమె అంట్లు తోమి, ఏప్రను మడిచి సంచిలో పెట్టుకుంది. గొర్రె చెంప కాగితంలో చుట్టి దాని మీద పెట్టుకుంది. ఒరొజాలి ఎప్పుడో వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నాసిపా ఆగి ఉంది. ఈసారి మొహంలోకే చూసింది.

"సోమవారం ఏడున్నరకల్లా రా కల్బుబూ. పాల బండి పొద్దున్నే వస్తుంది."

"కాస్త ఆగి చూద్దాం అన్నారు కదమ్మా."

నాసిపా మొహం ఎర్రబడింది. "చూశాను" అంది.

"ఏడింటికే వస్తాను" అంది కల్బుబు.

ఇక గేటు దాటడమే. అప్పుడు వెనక ఆ చప్పుడు వినిపించింది. గరిటె పళ్ళేన్ని గీకే చప్పుడు. ఒక పళ్ళెం, ఇంకో పళ్ళెం. కల్బుబు తిరిగి చూసింది. జానిల్ పెరట్లో వంగి, పాతిక మంది ఎంగిలీ బేసిన్లో కుమ్మరిస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి, ఏడ్చినట్టుంది. అయినా గరిటె ఆగలేదు. రొట్టె మీద ఒట్టేసి పరువు తీసుకున్న మనిషి, ఇంకా తిండి పారేస్తే పాపమనే అనుకుంటోంది. షమాల్ బేసిను ముందు నిలబడి ఉంది. ఈసారి ఆగలేదు, మూతి పెట్టేసింది.

కల్బుబు వెనక్కి నడిచింది. గేటు దగ్గరున్న అతిథులు చూస్తుండగా, మాంబెతాలి చూస్తుండగా, షమాల్ మెడ పట్టి పక్కకి జరిపింది. బేసిను ఎత్తింది. సంచి నోరు వెడల్పుగా తెరిచి, చెంప మూట పక్కకి నెట్టి, బేసిన్లోది మొత్తం అందులోకి ఒంపింది. కొవ్వు, రొట్టె, అన్నం, అంతా. చివరికి ఖాళీ బేసిను కూడా చంకలో పెట్టుకుంది.

"అదెక్కడికే?" అంది జానిల్, చేతిలో గరిటెతో.

"రేపు పొద్దున నేనే తెస్తాను వదినా. జావ పోసి తెస్తాను. అందాకా దీనికి నీళ్ళే."

గేటు దగ్గర మాంబెతాలి పక్కకి జరిగాడు. కల్బుబు జరగలేదు. ఆయన ముందు ఆగి, రోజూ ఆగినట్టే ఆగి, సంచి ఆయన పొట్ట దగ్గరికి ఎత్తి పట్టుకుంది.

"చూడండి అన్నా. కుక్క కూడే. పట్టుకెళ్తున్నాను."

నాసిపా చూస్తోంది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. మాంబెతాలి సంచిలోకి చూడలేదు. ఎటు చూడాలో తెలియక కాసేపు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి గేటు తెరిచాడు.